చేతి తూకం

స్విచ్‌బోర్డు విప్పి, లోపలి తీగలను ఒక్కొక్కటే రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూశాడు టెస్టరు మామయ్య. ఒక్కటీ కదల్లేదు. కదలవని ఆయనకు ముందే తెలుసు. ఈ ఇంటికి తీగలు లాగింది ఆయనే. అయినా లాగాడు, వెనకాల బొమ్మలావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది కనక.

చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుందని ఆయనకా పేరు వచ్చింది. ఇంకా కట్టని భవనాలను కంప్యూటరులో కట్టి చూపిస్తుందని ఆవిడకు ఈ పేరు వచ్చింది. పునాది పడకముందే ఆవిడ బొమ్మల్లో కిటికీలోంచి ఎండ పడుతుంది, మెట్ల మీద మనుషులు ఎక్కుతుంటారు.

"ఇంకోసారి ఆడించండమ్మా," అన్నాడు మామయ్య, మీటరు తీగలు రెండూ ప్లగ్గు రంధ్రాల్లో గుచ్చి.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని ఏదో నొక్కింది. తెర మీద ఒక పెద్ద ఆస్పత్రి హాలు బూడిద రంగులో ఉంది. దాని మూలనుంచి చిన్న చిన్న గళ్ళుగా రంగు ఎక్కడం మొదలైంది. ఒక గడిలో నేల మెరిసింది, ఇంకో గడిలో కుర్చీ కాలు వచ్చింది. బల్ల కింద సీపీయూ పెట్టెలో ఫ్యాన్లు గొంతు పెంచాయి. మామయ్యకు మీటరు చూడాలో తెర చూడాలో తెలియలేదు. బలవంతాన మీటరే చూశాడు.

టప్పుమంది. తెర నల్లబడింది.

మీటరు ముల్లు పెట్టిన చోటే ఉంది. పైన ఫ్యాను అదే తీరున తిరుగుతోంది. బల్ల మీది దీపం రెప్ప కూడా వేయలేదు.

"చూశారుగా," అంది ఆవిడ.

"చూశానమ్మా. ముల్లు కదల్లేదు."

"మీ ముల్లు కదలకపోతే నాకేం ఒరిగింది మామయ్యా? సోమవారం మధ్యాహ్నం ఆస్పత్రి కట్టేవాళ్ళు వస్తున్నారు. హాల్లోంచి నడుస్తూ వార్డుల్లోకి వెళ్ళినట్టు చూపించాలి. ఇంతవరకు ఒక్క గది పూర్తిగా రాలేదు."

"షాపాయన వచ్చి చూశాడా?"

"ఆయన రావడమా? ఫోన్లోనే తేల్చేశాడు. మా మిషను బంగారం, మీ ఇంటి వైరింగే పుచ్చిపోయింది, ముందు అది మార్పించుకోండి అన్నాడు."

మామయ్య మీటరు తీగలు ప్లగ్గులోంచి పీకాడు. ఆ షాపుకు ఆవిడను పంపింది తనే. తన కూతురు అక్కడే కంప్యూటర్లు బిగిస్తుంది. ఈ మిషను బిగించింది కూడా ఆ పిల్లే.

"మా అక్క అడుగుతోంది," అంది ఆవిడ కాస్త నెమ్మదిగా. "కొత్తింటికి మిమ్మల్నే పెట్టమని చెప్పింది నేనేగా. ఇప్పుడు వేరే మనిషిని చూసుకోమననా, ఏం చెయ్యమంటారు?"

ఆ వీధిలో సగం గోడల్లో ఉన్న తీగలు ఆయన చేతివే. ఒక ఇంట్లో పుచ్చిందన్న మాట బయలుదేరితే అది ఆ ఇంట్లోనే కూర్చోదు. మామయ్య సంచిలోంచి ఉలి, సుత్తి తీశాడు. బోర్డుకు పైన, గోడలో గొట్టాలు కలిసే చోటు ఆయనకు గుర్తే. అక్కడ ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు.

"గోడ పగలగొట్టడమెందుకండీ?"

"చూడకుండా బాగుందని ఎలా చెప్పనమ్మా?"

సున్నం రాలింది, సిమెంటు రాలింది, ఇటుక పొడి రాలింది. అరచేయంత గుంట పడ్డాక లోపల ఆయన కట్టిన అతుకు కనిపించింది. చుట్టిన టేపు నిన్న చుట్టినట్టే ఉంది. విప్పి చూశాడు. రాగి ఎర్రగా, శుభ్రంగా ఉంది. మళ్ళీ చుట్టాడు.

గోడలో గుంట మాత్రం మిగిలింది.

*

కూతురు షాపునుంచి వచ్చేసరికి మామయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పుతుంటేనే అడిగాడు.

"అమ్మడూ, ఆ సీపీయూ పెట్టెలో కరెంటు తినేది ఎవరు?"

"ఇంట్లోకి రానిస్తావా, ఇక్కడే నిలబెట్టి పరీక్ష పెడతావా?" అంటూ ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. ముఖం కడుక్కుని వచ్చి పక్కన చతికిలపడింది. "ఇద్దరు తింటారు నాన్నా. లెక్కలు చేసేవాడొకడు, బొమ్మలు గీసేవాడొకడు. బొమ్మలవాడికి ఆకలెక్కువ. వాళ్ళకి వడ్డించేవాడు ఇంకొకడు ఉంటాడు. గోడలోంచి వచ్చే కరెంటును పన్నెండు వోల్టులకు దించి పంచుతాడు. పవర్ సప్లై అంటాం."

"మరి గళ్ళు పూర్తయ్యేలోపే ఎందుకాగుతోంది?"

"గళ్ళు పడేటప్పుడు ఇద్దరూ ఒక్కసారే కంచాలు చాపుతారు. రెప్పపాటులో మామూలుకు రెట్టింపు లాగేస్తారు."

"నీళ్ళ మోటారు ఎత్తుకునేటప్పుడు లాగినట్టు."

"ఆఁ, అలాగే."

మామయ్యకు అది నచ్చింది. కాసేపు దాన్నే నమిలాడు. మోటారు ఎత్తుకున్నప్పుడు ఇంట్లో దీపాలు ఒకసారి కిందికి చూస్తాయి. ఇక్కడ దీపం చూడలేదు, మీటరూ చూడలేదు. అంటే లాగినవాడికి అందలేదు కాని, గోడలో తక్కువ పడలేదు. మరి మధ్యలో ఆగిందెక్కడ?

"ఆ వడ్డించేవాణ్ణి ఎంచింది ఎవరు?"

"నేనే," అంది కూతురు. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "షాపాయన మూడు తెచ్చి ముందు పెట్టాడు. ఒక్కోటీ కళ్ళు మూసుకుని ఎత్తి చూశాను. రెండు దూది మూటల్లా ఉన్నాయి. ఒకటి ఇటుకలా దిగింది చేతిలో. అదే పెట్టాను. నువ్వు నేర్పిందేగా."

నేర్పిన మాట నిజమే. ట్యూబులైటు చోకులు రెండు తెచ్చి, చిన్నప్పుడు ఆ పిల్ల రెండు అరచేతుల్లో పెట్టి, కళ్ళు మూయించి, ఏది మంచిదని అడిగేవాడు. బరువున్న దాంట్లో రాగి ఎక్కువ, ఇనుము ఎక్కువ. వేడెక్కదు, మూలగదు, ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఆ పని చేసే ప్రతివాడూ అలాగే కొంటాడు. డబ్బా మీద ఏం రాశారో చదవనవసరం లేదు. చెయ్యే చదువుతుంది.

"అయితే పెట్టె మంచిదే," అన్నాడు.

"మంచిదే. నీ మీటరుకే కళ్ళద్దాలు కావాలేమో."

ఆయన నవ్వలేదు. "రేపు నీకు సెలవేగా. నాతో వస్తావా?"

*

ఆదివారం బొమ్మలావిడ ఆస్పత్రి కట్టబోయే స్థలం చూడడానికి వెళుతూ తాళం చెవి మామయ్య చేతిలో పెట్టింది. "సాయంత్రం వస్తాను. అప్పటికి ఏదో ఒకటి చెప్పండి," అంది.

మామయ్య ఆలోచన ఒకటే. పక్కింటికి తీగలు లాగింది ఆయన కాదు. మిషనును ఆ ఇంట్లో పెట్టి ఆడిస్తే సంగతి తేలిపోతుంది. పక్కింటి ముసలావిడ తలుపు తీసి, వీళ్ళ చేతుల్లో పెట్టెను, తెరను, తీగల ఉండను చూసింది.

"నా టీవీ ప్లగ్గు మాత్రం పీకకండి," అంది, మళ్ళీ వెళ్ళి టీవీ ముందు కూర్చుంది.

కూతురు నేల మీదే మిషను అమర్చింది. ఆస్పత్రి హాలు వచ్చింది. గళ్ళు పడడం మొదలైంది. ఈసారి మామయ్య మీటరు తీయలేదు, తెర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిటికీ వచ్చింది. కిటికీ పక్కన ఒక మనిషి భుజం వచ్చింది. అతని ముఖం వస్తుందని చూస్తుండగానే, టప్.

"ఇక్కడా ఆగింది," అన్నాడు మామయ్య. మాట గట్టిగానే వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. నడుం ఒక్కసారిగా తేలికైంది. "నా గోడలో ఏం లేదు. చెప్పానా? నా గోడలో ఏం లేదు."

అలా అంటూ తిరిగి, కూతురి ముఖం చూశాడు.

ఆ పిల్ల నల్లటి తెరనే చూస్తోంది. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. గోడ బాగుంటే మిషను బాగోలేదు. మిషను బిగించిన చెయ్యి ఆ పిల్లదే.

లోపల టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"ఆ పవర్ సప్లై ఒక్కటే ఊడదీసి చూద్దాం నాన్నా," అంది చివరకు.

బొమ్మలావిడ వరండాలో పెట్టుకున్నారు పని. మామయ్య ఇంటికి వెళ్ళి ఒక పొడుగాటి చెక్క తెచ్చాడు. దోవలో కార్లు బాగుచేసేవాడి దగ్గర పాత హెడ్‌లైటు బల్బులు సంచినిండా అడిగి తెచ్చాడు. కారు బల్బుకూ పన్నెండు వోల్టులే కావాలి. ఒక్కో బల్బుకు ఒక్కో స్విచ్చి పెట్టి చెక్క పొడుగునా బిగించాడు. ఇద్దరు తిండిపోతుల బదులు ఈ బల్బుల వరస తింటుంది. ఎంత తింటుందో అంతా కంటికి కనిపిస్తుంది.

కూతురు పవర్ సప్లై పెట్టెనుంచి వచ్చే పసుపు తీగలన్నీ ఒక గుత్తిగా, నల్లవన్నీ ఇంకో గుత్తిగా కట్టింది. కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి వంచి ఆకుపచ్చ తీగకు, నల్ల తీగకు మధ్య గుచ్చింది. "ఇలా గుచ్చితేనే మేలుకుంటుంది," అంది. పెట్టెలో ఫ్యాను తిరిగింది. మీటరు పన్నెండు చూపించింది.

మామయ్య మొదటి స్విచ్చి వేశాడు. తెల్లటి వెలుగు. రెండోది. మూడోది. చెక్క మీద బల్బులు ఒకదాని పక్కన ఒకటి కళ్ళు తెరుస్తుంటే ఆయన వయసు మరిచిపోయి వంగి చూస్తున్నాడు. సగం దాకా వచ్చేసరికి మొదట వెలిగిన బల్బు పచ్చబడింది. ముల్లు పన్నెండు కిందికి జారింది.

"ఆపు నాన్నా."

"ఇంకొకటి."

ఇంకొకటి వేశాడు. టప్పుమంది. వరండా మామూలు వెలుగులోకి వచ్చింది. కాలిన జిగురు వాసన వేసింది.

కూతురు పెట్టెను వెనక్కి తిప్పింది. పక్కన పెద్ద అంకెల్లో ఎనిమిది వందల యాభై వాట్స్ అని ఉంది. మామయ్య వేసిన బల్బులు అందులో సగానికి కూడా రావు. పెద్ద అంకె కింద చీమల్లాంటి అక్షరాల పట్టీ ఒకటి ఉంది. ఆ పిల్ల దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. పన్నెండు వోల్టుల గడిలో రాసిన ఆంప్స్‌ను అక్కడికక్కడే వాట్స్‌లోకి మార్చి చూసింది. పై అంకెకూ దీనికీ పొంతన లేదు.

"ఇక్కడే రాసి పెట్టారు. నేను చదవలేదు," అంది.

"చదివితే ఏం, ఇటుకలా ఉందన్నావుగా. ఇటివ్వు." మామయ్య పెట్టె అందుకుని ఎత్తి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు కూడా. నిజంగానే ఇటుక. ఆయన చెయ్యి ఇప్పటికీ అది మంచిదనే చెబుతోంది. ఆయనకు అదే అంతుబట్టలేదు. ఇంత బరువు పెట్టుకుని ఇంత బలహీనం ఎలా అయింది? "లోపలేముందో చూడాలి అమ్మడూ."

"మూత మీది ఈ గ్యారంటీ స్టిక్కరు చింపితే షాపాయన వెనక్కి తీసుకోడు."

"చింపకపోతే తీసుకుంటాడా?"

"వైరింగంటాడు." ఆ పిల్ల గోటితో స్టిక్కరు చింపి మూత విప్పింది.

మామయ్య వెంటనే చెయ్యి పెట్టనివ్వలేదు. తీగ తీసేసినా కండెన్సరులో కరెంటు దాక్కుని ఉంటుంది. ఇంటి బల్బు ఒకదాని తీగలు రెండూ కండెన్సరు కాళ్ళకు తాకించి పట్టుకున్నాడు. మీటరు ముల్లు అడుగుకు పడ్డాక కాని వదల్లేదు. "ఇప్పుడు పెట్టు," అన్నాడు.

లోపల చాలా చోటు ఖాళీగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. వేడి తాగే అల్యూమినియం ముక్కలు రేకుల్లా పలచగా ఉన్నాయి. కండెన్సర్లలో ఒకటి తల ఉబ్బి ఉంది. అడుగున మాత్రం ఒక దళసరి పలక తెల్లటి జిగురుతో అతికి ఉంది. దానికి ఏ తీగా వెళ్ళడం లేదు. దాన్నుంచి ఏ తీగా రావడం లేదు. కూతురు స్క్రూడ్రైవరు దూర్చి పైకెత్తింది. ఊడి వచ్చింది.

ఇనుప పలక. ఉత్త ఇనుము.

మామయ్య పలకను పక్కన పెట్టి, మిగిలిన పెట్టెను ఎత్తి చూశాడు. ఖాళీ డబ్బాలా పైకి లేచిపోయింది చెయ్యి.

ఎక్కడో, ముఖం తెలియని మనిషి ఎవడో, ఈ పలకను కొలిచి కోయించాడు. జిగురు రాసి అతికించాడు. వాడికి మామయ్య తెలియదు, ఆయన కూతురు తెలియదు. కాని కళ్ళు మూసుకుని ఎత్తి చూసే చెయ్యి ఒకటి ఉంటుందని మాత్రం బాగా తెలుసు. ఆ చేతికోసమే పెట్టాడు.

"మూత బిగించు," అన్నాడు మామయ్య.

"ఎందుకూ?"

"అమ్మగారికి నేను చెప్తాను. ఎర్తు తీగలో లోపం దొరికిందని, మార్చేశానని అంటాను. రేపు పొద్దున్న నువ్వు చప్పుడు చెయ్యకుండా వేరే పెట్టె పెట్టెయ్."

"మరి వాళ్ళక్క ఇల్లు?"

"ఇళ్ళకేం కరువు."

"షాపాయన నన్ను పొమ్మంటాడని నీ భయం."

ఆయన చెక్క మీది స్విచ్చులు ఒక్కొక్కటే ఆపడం మొదలుపెట్టాడు.

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు నాన్నా," అంది కూతురు స్క్రూలు ఏరుతూ. "చెప్పేటప్పుడు టెస్టరు తిప్పుతావు."

పొద్దు వాలుతుండగా బొమ్మలావిడ వచ్చింది. చెప్పులకంతా ఎర్రమట్టి. వరండాలోని చెక్కను, బల్బులను దాటుకుని లోపలికి వస్తూ, "ఏమైంది మామయ్యా? దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా. అదీ, ఎర్తు తీగ ఉంటుంది చూడండి..." అన్నాడు మామయ్య. ఆయన చెయ్యి జేబులోంచి టెస్టరు తీసింది. వేళ్ళు దాన్ని తిప్పడం మొదలుపెట్టాయి.

కూతురు లేచి వెళ్ళి, ఆవిడ గీతలు గీసుకునే బల్ల మీద ఇనుప పలక పెట్టింది. బల్ల దద్దరిల్లింది.

"తప్పు తీగది కాదక్కా. ఇది మీ పవర్ సప్లైలో ఉంది. బరువుందని మంచిదనుకుని నేనే ఎంచాను. గోడలో ఏమీ లేదు. మిషను పక్కింట్లోనూ ఆగింది."

ఆవిడ పలకను చూసింది, ఆ పిల్లను చూసింది, టెస్టరు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసింది. గోడలో గుంటనూ చూసింది.

"మరి ఎర్తు తీగంటున్నారేం మామయ్యా?"

మామయ్య టెస్టరు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని కాసేపు పలకను అటూ ఇటూ తిప్పింది. కోపం వస్తుందనుకున్నారు ఇద్దరూ. రాలేదా, వచ్చి ఆగిందా తెలియలేదు. "సరే," అంది. "ఈసారి ఎలా ఎంచుతావు? అది చెప్పు ముందు."

*

సోమవారం షాపు షట్టరు ఎత్తేసరికి ముగ్గురూ మెట్ల మీద ఉన్నారు. షాపాయన బొమ్మలావిడను చూడగానే అందుకున్నాడు.

"వైరింగ్ మార్పించారా మేడం? చాలా ఇళ్ళల్లో ఇదే గొడవండి. ఈ వైర్‌మన్లు..." మామయ్యను చూసి మాట మింగాడు.

కూతురు అద్దాల బల్ల మీద పలక పెట్టింది. ఎక్కడిదో చెప్పింది. షాపాయన దాన్ని తీసుకుని, అలవాటు చొప్పున, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూశాడు.

"చేతిలో బాగానే దిగుతోంది కదండీ," అంది బొమ్మలావిడ.

ఆయన పలక దించాడు. ముఖం ముడుచుకుంది. కూతురి వైపు తిరిగి, "ఎంచింది నువ్వే కదా," అన్నాడు.

"నేనే. తెచ్చింది మీరు. మీరెలా చూసి తెచ్చారు సార్?"

షాపాయన తన చేతిని చూసుకున్నాడు.

"ఇంతకుముందు ఎంతమందికి చెప్పారు, మీ వైరింగే పుచ్చిందని?" అడిగింది బొమ్మలావిడ. ఆయన వెనక్కి తిరిగి, అరలోంచి ఆ రకం డబ్బాలన్నీ తీసి కింద పెట్టడం మొదలుపెట్టాడు.

మామయ్య చెక్కను అద్దాల బల్ల మీద పరిచాడు. కూతురు మిగిలిన రకాలు తెచ్చింది. ఈసారి దేన్నీ ఎత్తి చూడలేదు. మొదట చీమల అక్షరాలు చదివింది. పన్నెండు వోల్టుల గడిలో అంకె సరిపోనివి అక్కడే ఆగిపోయాయి. తరవాత గ్యారంటీ ఎన్నేళ్ళో చూసింది. బొమ్మలు గీసే కార్డుకు వేరువేరుగా రెండు తీగలున్నాయా, ఒకే తీగకు రెండు తలలు అంటించారా అని లాగి చూసింది. చివరకు రెండు మిగిలాయి.

మొదటిది బల్బులన్నింటినీ వెలిగించింది. ఆరిపోలేదు. కాని చివరి స్విచ్చి వేసేసరికి మొదటి బల్బు పచ్చబడింది. కూతురు తల అడ్డంగా ఊపింది.

"ఆరలేదుగా," అన్నాడు షాపాయన.

"ఇప్పుడారలేదు సార్. ఇవి ఒక్కొక్కటే వచ్చాయి. అక్కడ అందరూ ఒకేసారి వస్తారు."

రెండోది అర పైన దుమ్ము పట్టి ఉంది. ఎవరూ అడగరని పైకి నెట్టేసిన రకం. స్విచ్చులు ఒకటొకటిగా పడ్డాయి. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగి లోపలికి తొంగి చూశారు. షాపంతా పెళ్ళి పందిరిలా తెల్లబడింది. చివరి బల్బు వెలిగినప్పుడు మొదటి బల్బు ఎలా వెలిగిందో అలాగే ఉంది. ముల్లు పన్నెండును అంటిపెట్టుకుని ఉంది. వాళ్ళు అలా వదిలేసి నిలబడ్డారు. బల్బుల వేడి ముఖాలకు కొట్టింది. అప్పుడు కూతురు ఒక్కసారే అన్నీ ఆర్పి, ఒక్కసారే అన్నీ వేసింది. పెట్టె ఉలకలేదు.

మామయ్య దాన్ని ఊడదీసి కూతురికి అందించబోయి, చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఇనుప పలక ఉన్న దానికన్నా ఇది తేలికగా ఉంది. చెయ్యి వద్దంటోంది. ఆయన ఆ చేతి మాట వినకుండా అందించేశాడు.

చెక్క చంకన పెట్టుకుని బయలుదేరుతుంటే షాపాయన, "అది ఇక్కడే ఉంచు మామయ్యా," అన్నాడు.

"నాది."

"ఇంకోటి చేసుకో. ఇదిక్కడుండాలి. అమ్మాయికి పనికొస్తుంది." ఆ మాట అంటూ షాపాయన ఆ పిల్ల వైపు చూడలేదు. చూడకపోయినా, రేపూ పనికి రమ్మన్నట్టేనని ఆ పిల్లకు అర్థమైంది.

*

మధ్యాహ్నానికి ఆస్పత్రి హాలు గళ్ళు నిండుతున్నాయి. బొమ్మలావిడ వేరే గదిలో అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. "లేదు లేదు, ఆయన్నే పెట్టు. లేదంటే నీ గోడలు నువ్వే పగలగొట్టుకుని చూసుకోవాలి," అనడం వినబడుతోంది.

మామయ్య గోడ దగ్గర గిన్నెలో సిమెంటు కలుపుతున్నాడు. కూతురు సీపీయూ పెట్టెకు పక్క రేకు బిగించి చేతులు తుడుచుకుంది.

"సిమెంటు ఎత్తి పట్టుకోవడానికి ఏదైనా ఉంటే ఇవ్వు," అన్నాడు.

ఆ పిల్ల చుట్టూ చూసి, షాపునుంచి వెనక్కి తెచ్చిన ఇనుప పలక అందించింది. ఆయన దాని మీద సిమెంటు ముద్ద వేసుకుని, గోడకు ఆనించి, కొంచెం కొంచెంగా గుంటలోకి నెట్టాడు. పలక చదునుగా ఉంది, వంగలేదు, సిమెంటు జారలేదు.

"దీనికి బాగా పనికొచ్చింది," అన్నాడు.

వెనక ఫ్యాన్లు గొంతు పెంచాయి. ఆయన చెయ్యి ఆగింది. కూతురు చెయ్యి కూడా ఆగింది. ఇద్దరూ తిరిగి చూశారు. కిటికీ వచ్చింది. దాని పక్కన భుజం వచ్చింది. ఆ తరవాతి గడిలో, ఆ మనిషి ముఖం వచ్చింది. అతను కూడా కిటికీలోంచి బయటికి, ఏదో వింత చూస్తున్నట్టే నిలబడి ఉన్నాడు.

మామయ్య కాసేపు అతన్ని చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగి గుంట పూడ్చాడు.